అమృత విలాస్‌లో ఆదివారం దాటితే అప్పుండదు

ఈ వారం ఉత్తరం విశాఖపట్నం గాజువాక నుంచి వచ్చింది. పెద్దదే, కొంత కుదించి ఇస్తున్నాను.

"అక్కా, నమస్తే. నాకు 39 ఏళ్లు. పోర్టు సరుకు తిప్పే ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చేతికి 34 వేలు వస్తుంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. పాప ఎనిమిదో తరగతి. నేను పదో తరగతిలో ఉండగా టీవీలో 'అమృతం' కామెడీ సీరియల్ మొదలైంది. ఇప్పటికీ రోజూ రాత్రి యూట్యూబులో ఒక ఎపిసోడ్ పెట్టుకునే అన్నం తింటాను. ఎన్నిసార్లు దెబ్బతిన్నా మళ్లీ కొత్త ఐడియాతో లేవడం, ఎవరి కిందా చెయ్యి కట్టుకు నిలబడకపోవడం, పక్కన ప్రాణస్నేహితుడుంటే దేన్నైనా దాటెయ్యొచ్చన్న ధైర్యం, ఏం జరిగినా నవ్వెయ్యడం, ఇవన్నీ నాకు ఆ సీరియలే నేర్పింది.

రెండు నెలల కిందట ఆఫీసులో కొత్త మేనేజరు నలుగురి ముందు నన్ను ఒక మాట అన్నాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. ఆ రోజే అనుకున్నాను, ఇక చాలని. ఎన్‌ఏడీ జంక్షను దగ్గర టిఫిన్ హోటలుకు షాపు చూశాం. అద్దె 22 వేలు, ఆరు నెలల అడ్వాన్సు. నా దగ్గర ఆరున్నర లక్షలున్నాయి. నా ఫ్రెండు నాలుగు లక్షలు పెడతానన్నాడు. ఐదో తరగతి నుంచీ వాడు నాతోనే ఉన్నాడు, 'నువ్వెలా అంటే అలాగేరా' అంటాడు. రోజుకు 150 ప్లేట్లు, ప్లేటు 40 రూపాయలు, నెలకు లక్షా ఎనభై వేలు. సరుకులకు సగం పోయినా 90 వేలు మిగులు. చిల్లర ఖర్చులు తరవాత చూసుకోవచ్చు. ఈ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ, 'మీరు అమృతం అయితే అవ్వండి, నేను సంజీవనిని కాను' అంది. సంజీవని అంటే అందులో అమృతం భార్య. నాలుగు రోజులుగా మాటల్లేవు. ఒక సీరియల్ చూసి జీవిత పాఠాలు నేర్చుకోవడం తప్పా? ఉద్యోగం మానెయ్యమంటారా, వద్దంటారా? ఇట్లు, గాజువాక అమృతం."

తమ్ముడూ,

ముందు మీ ఆవిడకు నా నమస్కారం చెప్పండి. మాటల్లేవు కదా, పాప చేత చెప్పించండి. ఇంత ఉత్తరంలోనూ నాకు బాగా పట్టుకున్న మాట ఆవిడదే. దాని దగ్గరికి తరవాత వస్తాను.

సీరియల్ చూసి నేర్చుకోవడం తప్పేం కాదు. మన తాతలు తోలుబొమ్మలాట చూసి నేర్చుకున్నారు. అందులోనూ రాముడూ రావణుడూ ఏం మాట్లాడుకున్నారో మర్చిపోయినవాళ్లకు కూడా కేతిగాడూ బంగారక్కా ఎలా తిట్టుకున్నారో గుర్తుండేది. నవ్వించినవాడు చెప్పింది చెవిలో ఎక్కువ కాలం ఉంటుంది.

నేనూ 'అమృతం' మనిషినే. 2001 నవంబరులో మొదలై 2007 నవంబరు దాకా, ఆరేళ్లు, 313 ఎపిసోడ్లు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు జెమినీలో ఆ పాట మొదలయ్యేసరికి మా సీతమ్మధార వీధిలో నలుగురైదుగురం గిన్నెలు తోమడం మధ్యలో వదిలేసి వచ్చి కూర్చునేవాళ్లం. గుణ్ణం గంగరాజు గారు సృష్టించిన ఆ లోకం ఎంత చిన్నదో గుర్తుందా? అమృతం, ఆంజనేయులు ఉరఫ్ అంజి అని ఇద్దరు స్నేహితులు, ఇద్దరు భార్యలు, అప్పాజీ అని ఒక ఓనరు, అమృత విలాస్ అని ఒక హోటలు, ఆ హోటలుకు ఒకే ఒక్క పనివాడు. అమృతానికి వారానికో ఉపాయం తడుతుంది. ఆంజనేయులు వద్దు మొర్రో అంటాడు. అయినా వెళతారు. బెడిసికొడుతుంది. మనం నవ్వుతాం.

సరే, ఆ తరవాతి ఆదివారం ఏమవుతుంది?

అక్కడే నేను ఆగమంటున్నాను. వచ్చే ఆదివారం అమృత విలాస్ మళ్లీ తెరిచే ఉంటుంది. పోయినవారం పోయిన డబ్బు గురించి ఎవరూ అడగరు. పరువు పోయిన సంగతి అప్పాజీకి గుర్తుండదు. సంజీవని మామూలుగానే నవ్వుతూ మాట్లాడుతుంది. అది రాసినవాళ్లు మర్చిపోయి వదిలేసింది కాదు, అలాంటి సీరియల్ పద్ధతే అది. పోయినవారం పెళ్లికి వెళ్లి చూడలేకపోయినవాడు కూడా ఈ వారం కూర్చుని హాయిగా నవ్వాలి కదా. అందుకని ఏ వారం లెక్క ఆ వారమే చెరిపేస్తారు. డైలీ సీరియల్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందులో ఒక చెంపదెబ్బ సోమవారం లేస్తే బుధవారానికి గానీ తగలదు, ఆ పగ పిల్లల పెళ్లిళ్ల దాకా సాగుతుంది. మనిషి బతుకు, చెప్పడానికి బాధగా ఉంది గానీ, లెక్కల విషయంలో డైలీ సీరియల్ లాంటిది.

మీరు నేర్చుకున్నానంటున్న నాలుగు పాఠాలూ ఆ చెరిపివేత మీద నిలబడ్డవే. ఎన్నిసార్లయినా లేవొచ్చు, ఎందుకంటే పడ్డప్పుడు కాలు విరగదు. నవ్వెయ్యొచ్చు, ఎందుకంటే సోమవారం వడ్డీవాడు రాడు.

ఇది నేను పుస్తకం చదివి చెప్పడం లేదు. 2010లో మేమూ పెట్టాం, ఇసుకతోటలో, కర్రీ పాయింటు. మా ఆయన మందుల కంపెనీలో ఊళ్లు తిరిగే ఉద్యోగం మానేశారు. వంట నాది. మధ్యాహ్నానికి వంకాయ ఉల్లికారం, గోంగూర పప్పు, బంగాళదుంప వేపుడు, పప్పుచారు, పెరుగు. రుచికి ఎవరూ వంక పెట్టలేదు. వంక పెట్టింది పొట్లానికి. పాలిథిన్ కవర్లో గరిటెడు కూర వేసి, మూతి మెలిపెట్టి, బుడగలా ఉబ్బేలా గాలి బిగించి రబ్బరు బ్యాండు వెయ్యాలి. చూడ్డానికి నిండుగా ఉంటుంది, సంచీలో వేసుకుంటే చితకదు. మా ఆయనకు ఆ బిగింపు మూడు నెలల దాకా పట్టుబడలేదు. అయితే గాలి చాలక అణిగిపోయేది, లేకపోతే మరీ బెలూన్ అయిపోయేది. ఒక ముసలమ్మ రోజూ వచ్చేది, పది రూపాయల పప్పుచారుకు. పొట్లం చేతిలో పట్టుకుని ఊపి, "ఏటి బాబూ, చారు కన్నా గాలే ఎక్కువుందేటి?" అనేది. మళ్లీ మర్నాడూ వచ్చేది. ఆవిడ మాకు నిజమైన కస్టమరు అని అప్పుడు తెలియలేదు.

నష్టం ఎక్కడ వచ్చిందంటే, రాత్రి ఎనిమిదింటికి స్టీలు ట్రేల అడుగున. రోజూ ప్రతి ట్రేలోనూ రెండు గరిటెలు మిగిలేది. రెండు గరిటెలే కదా అనుకున్నాం. ఆరు ట్రేలు, రెండేసి గరిటెలు, ముప్ఫై రోజులు. వాన పడ్డ రోజు సగం ట్రే. అదే మేము, మా అత్తగారు, పక్కింటివాళ్లు తిన్నాం. గోంగూర అంటే ఇప్పటికీ మా అబ్బాయి లేచి వెళ్లిపోతాడు. ఓనరు ఏడాది తిరక్కుండానే అద్దె పెంచాడు. 14 నెలలకు మూసేశాం. రెండు లక్షల ఎనభై వేలు పోయింది. చీటీ పాడి, గాజులు కుదువపెట్టి, ఆ అప్పు తీర్చేసరికి 2014 సెప్టెంబరు వచ్చింది. ఆ తరవాతి నెలే, 12వ తేదీ, హుద్‌హుద్ తుఫాను. మేం ఖాళీ చేసిన షెడ్డు రేకులు లేచి రోడ్డవతల పడ్డాయి. అది కూడా ఆదివారమే, చూశారా.

ఆ 14 నెలల్లో మా ఆయన ఒక్కసారి కూడా 'అమృతం' సీడీ పెట్టలేదు. అప్పాజీ అద్దెకు వచ్చే సీన్లకు అంతకు ముందు పొట్టపట్టుకుని నవ్విన మనిషి. అందుకని మిమ్మల్ని చూసి నవ్వే హక్కు నాకు లేదు.

ఇక మీ లెక్క. అకౌంట్స్ చూసే మనిషి "చిల్లర ఖర్చులు తరవాత చూసుకోవచ్చు" అని రాస్తే ఏమనాలి? ఆఫీసులో ఎవరైనా బిల్లు లేకుండా 200 వోచరు పెడితే ఊరుకుంటారా మీరు? సరుకులు పోగా 90 వేలు మిగులన్నారు, బాగుంది. అందులోంచి అద్దె 22 వేలు తియ్యండి. వంట మాస్టరుకు 20 వేలు, గిన్నెలు కడిగి బల్లలు తుడిచే మనిషికి 11 వేలు అనుకుందాం. గ్యాస్, కరెంటు, నీళ్లు, పార్సిల్ కవర్లు కలిపి 17 వేలు. ఇవి నా అంచనాలు, మీరు కనుక్కుని దిద్దుకోండి. మొత్తం 70 వేలయింది. మిగిలింది 20 వేలు. మీరిద్దరు. తలా పదివేలు.

అంటే అన్నీ మీరు అనుకున్నట్టే జరిగి, మొదటి రోజు నుంచే 150 ప్లేట్లు పోయి, నెలలో ఒక్క పూట కూడా షట్టరు దించకపోతే, 34 వేల మనిషి పదివేల మనిషి అవుతాడు. ఇంకోలా చూడండి. ప్లేటుకు మీకు మిగిలేది 20 రూపాయలు. 70 వేలు రావాలంటే నెలకు 3,500 ప్లేట్లు పోవాలి, రోజుకు సుమారు 117. తెల్లవారుజామున లేచి మీరు కట్టే మొదటి 117 ప్లేట్లూ ఓనరుకు, మాస్టరుకు, గ్యాసువాడికి. మీ ఇంటికి వచ్చేది 118వ ప్లేటు నుంచి. కొత్త హోటలుకు మొదటి నెల 60 ప్లేట్లు పోతే గొప్పే. ఆ లెక్కన సరుకులు పోగా మిగిలేది 36 వేలు. గ్యాసూ కవర్లూ కొంచెం తగ్గించి వేసినా 65 వేల ఖర్చు ఎదురుగా ఉంటుంది. నెలకు 29 వేలు మీరిద్దరూ పెట్టిన డబ్బులోంచి పోతూ ఉంటుంది. అడ్వాన్సు, గ్రైండరు, బల్లలు, బోర్డు ఖర్చు నేను ఇంకా ముట్టుకోలేదు.

ఎన్‌ఏడీ షాపు గురించి ఒక్క మాట. ఆ జంక్షను ఇప్పుడు మీరు చిన్నప్పుడు చూసిన జంక్షను కాదు. ఫ్లైఓవరు వచ్చాక పైనుంచి పోయే బండి మీ ఇడ్లీ కోసం కింద ఆగదు. ఒక మామూలు రోజు, ఒక ఆదివారం, పొద్దున ఆరు నుంచి పది దాకా ఆ షాపు ఎదురుగా నిలబడి పక్క టిఫిను సెంటరులో ఎన్ని ప్లేట్లు కదులుతున్నాయో లెక్కపెట్టండి. ఫోను చూసుకోకుండా. అడ్వాన్సు ఇచ్చేది ఆ తరవాతే.

ఇప్పుడు మీ అంజి సంగతి.

ఆ సీరియల్లో అమృతం వేషం ముగ్గురు వేశారు. మొదట శివాజీ రాజా, తరవాత నరేష్, ఆ తరవాత హర్షవర్ధన్. మొహం మారింది, గొంతు మారింది, అయినా మనకు పెద్దగా తేడా తెలియలేదు. ఎందుకంటే పక్కన అంజి మారలేదు. గుండు హనుమంతరావు గారు అలాగే ఉన్నారు, అదే కంగారు, అదే నీరసం, అదే 'మనకెందుకొచ్చిన గొడవరా' అన్న చూపు. 2018 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు మా ఇంట్లో అందరం ఇంటి మనిషి పోయినట్టు కూర్చున్నాం. టైటిల్ పాట కూడా గుర్తు చేసుకోండి. రాసింది మన అనకాపల్లిలో పెరిగిన సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు. సీరియల్ పేరు అమృతం, పాట మాత్రం ఆంజనేయులుకు. అంతగా ఆయాసపడకురా అని సముదాయించే పాట. కలలు కనేది ఒకడు, ఆయాసపడేది ఇంకొకడు.

ఆ ఆంజనేయులు ముందు వద్దంటాడు. భయపడతాడు, గొణుగుతాడు, కాళ్లావేళ్లా పడతాడు. అతని మాట వినకపోవడంలోనే మన నవ్వంతా ఉంది. మీ ఫ్రెండు "నువ్వెలా అంటే అలాగేరా" అంటున్నాడు. తమ్ముడూ, ఆయన అంజి కాదు. రెండో అమృతం. రెండు పడవలకీ తెరచాపలే ఉన్నాయి, లంగరు ఎవరి దగ్గరా లేదు.

స్నేహం గట్టిది కాబట్టి కాగితం అక్కర్లేదని మీరిద్దరూ అనుకునే ఉంటారు. మేమూ మా ఆడపడుచు భర్తతో అలాగే అనుకున్నాం, ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎదురైతే వాతావరణం గురించి మాట్లాడుకుంటాం. 1932 నాటి భాగస్వామ్య చట్టం ఏమంటుందంటే, మీ మధ్య వేరే ఒప్పందం లేకపోతే లాభమూ నష్టమూ సమానం. మీరు ఆరున్నర పెట్టారు, ఆయన నాలుగు పెట్టారు, అయినా సగం సగమే. మీరు తెల్లవారుజామున వచ్చి, ఆయన తొమ్మిదింటికి వచ్చినా, ఎక్కువ పని చేశానని జీతం అడిగే హక్కు మీకు రాదు. హోటలు పేరు మీద ఆయన చేసిన అప్పుకు మీరూ పూర్తిగా బాధ్యులే, వసూలుకొచ్చినవాడు మొత్తం మీ దగ్గరే అడగొచ్చు. సంస్థను రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు గానీ, చేయించకపోతే రేపు ఒప్పందం ప్రకారం నా వాటా ఇమ్మని భాగస్వామి మీద దావా వెయ్యడానికి దారి మూసుకుపోతుంది. ఎవరెంత పెట్టారు, ఎవరు ఏ వేళకు వస్తారు, ఒకరు మానేస్తానంటే ఎలా లెక్క తేల్చాలి, ఈ మూడూ రాసుకోండి. రాసుకుందామన్న మాటకే ఆయన ముఖం ముడుచుకుంటే, ఖర్చు లేకుండా ఒక సంగతి తెలిసిందనుకోండి.

ఇంతకీ మీ ఇద్దరిలో సర్వం ఎవరు?

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. అమృత విలాస్‌లో వంట, వడ్డన, తుడుపు అన్నీ చేసే ఆ ఒక్క మనిషికి సర్వం అని పేరు పెట్టినవాడికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి. హోటలు పెట్టాలని కలగనే ప్రతివాడూ కలలో గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంటాడు. వెనక అగరొత్తి, ఎదురుగా జనం, చేతిలో చిల్లర. కలలో ఎవరూ మినప్పప్పు కడగరు. మీ మాస్టరు ఒక సోమవారం రాలేదనుకోండి. రాడు కూడా, ఊళ్లో జాతరనో, మరదలి పెళ్లనో, పక్కవాడు రెండు వేలు ఎక్కువ ఇస్తానన్నాడనో. ఆ పొద్దున నాలుగున్నరకు పెనం మీద పెసరట్టు వేసేది మీరా, ఆయనా? మీ ఉత్తరంలో వంట గురించి ఒక్క అక్షరం లేదు. అల్లప్పచ్చడి ఎలా చేస్తారో, సాంబారు పొడి ఎవరు కొడతారో, ఏమీ లేదు. డైలాగులు మాత్రం ఉన్నాయి.

మేనేజరు మాటకు వస్తున్నాను. చిన్నవాడి చేత నలుగురిలో అనిపించుకుంటే కడుపు మండుతుంది, నిజమే. కానీ ఆ మంట మీద ఇడ్లీపాత్ర పెట్టకండి. హోటల్లో రోజుకు 150 మంది కూర్చుంటారు. చట్నీ పల్చనైందని ఒకడు, నీళ్ల గ్లాసు వాసనొస్తోందని ఒకడు, చిల్లర లేదా అని ఒకడు. ఒక్క మేనేజరును పడలేక 150 మందిని తెచ్చుకుంటున్నారు, వాళ్లకు ట్రాన్స్‌ఫర్ కూడా ఉండదు. ఎక్సెల్ రాదనో, ఇంకేదో రాదనో అన్నాడేమో, అది నేర్చుకోండి. లేదా వేరే కంపెనీ చూసుకోండి. ఇడ్లీకీ దానికీ సంబంధం లేదు.

ఇక ఆవిడన్న మాట. "నేను సంజీవనిని కాను." మీరు దాన్ని ఎత్తిపొడుపు అనుకున్నారు. నేను పదిసార్లు చదివాను. సంజీవని తెలివైనది, మొగుణ్ణి ఆట పట్టిస్తుంది, చివరికి క్షమిస్తుంది. ఆవిడ అంత తేలిగ్గా క్షమించగలిగేది వచ్చే ఆదివారం ఇంట్లో బియ్యం ఉంటాయని రాసినవాళ్లకు తెలుసు కాబట్టి. మీ ఆవిడకు అలా రాసిపెట్టేవాళ్లెవరూ లేరు. పాపకు ఇంకో మూడేళ్లలో ఇంటరు. మన ఊళ్లో ఇంటరు ఫీజు సంగతి నేను చెప్పక్కర్లేదు, ఆవిడ స్కూల్లోనే పని చేస్తోంది, స్టాఫ్ రూములో రోజూ ఆ లెక్కే వింటూ ఉంటుంది. మీ జీతం ఆగితే ఇల్లు నడవాల్సింది ఆవిడ జీతం మీద. అంటే మీ హోటల్లో ముగ్గురు భాగస్వాములున్నారు. ఇద్దరు షాపు చూసొచ్చారు, మూడో మనిషికి కబురు మాత్రం చెప్పారు.

మీ ఉత్తరంలో ఆవిడ హోటలు వద్దన్నట్టు ఎక్కడా లేదు, గమనించారా? సంజీవనిని కానంది, అంతే. ఈ రాత్రి అన్నం దగ్గర ఫోను పక్కన పెట్టి, పైన నేను వేసిన లెక్క ఒక తెల్ల కాగితం మీద మీ చేతితో రాసి ఆవిడ ముందు పెట్టండి. 'ఇందులో ఏం తప్పుందో చూడు' అనండి. 'ఒప్పుకో' అనకండి. టీచరు చేతికి కాగితం ఇచ్చి తప్పులు చూడమంటే మాట్లాడకుండా ఉండలేరు, ఇది నా అనుభవం, మా అక్క హెడ్మిస్ట్రెస్.

ఇదంతా విని నేను వద్దంటున్నానని అనుకుంటారేమో. అనడం లేదు. సీరియల్లో నిజంగా ఎత్తుకెళ్లాల్సింది ఒకటుంది, ఆ ఎపిసోడ్ కొలత. అమృతం ఎంత పెద్ద పొరపాటు చేసినా అది ఒక్క ఆదివారంలో ఇమిడేది. మీదీ అలాగే కుదించండి. ఉద్యోగం ఉండనివ్వండి. ఎనిమిది ఆదివారాలు, అన్నిటికీ కలిపి 20 వేలు, అంతకు మించి ఒక్క రూపాయి కాదు. పోతే పోయిందనుకోగలిగిన డబ్బు. షాపు వద్దు, మీ వంటింట్లోనే. మీ అపార్ట్‌మెంటు, పక్క వీధి, వాట్సాప్‌లో శనివారం సాయంత్రం దాకా ఆర్డర్లు, 40 ప్లేట్లకు ఆపెయ్యండి. ఇంట్లో వండి అమ్మినా ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషను కావాలి, ఆన్‌లైన్లోనే చేసుకోవచ్చు, చేసుకోండి. రేపు షాపే పెడితే దానికి తోడు మన నగరపాలక సంస్థ జీవీఎంసీ ట్రేడ్ లైసెన్సు.

రెండే ఐటమ్స్ పెట్టండి, ఇడ్లీ, పెసరట్టు. శనివారం మధ్యాహ్నం మినప్పప్పు నానబెట్టి, సాయంత్రం రుబ్బి, ఒకటికి రెండు ఇడ్లీ రవ్వ కలిపి పెట్టుకోవాలి. ఇదీ మీరే చెయ్యాలి, మీ ఆవిడకు అప్పజెప్పారో ఈ ఉత్తరం చింపేస్తాను. మన ఊరి ఉక్కలో ఏప్రిలు, మే నెలల్లో పిండి రాత్రి రెండింటికే పొంగి గిన్నె దిగి నేల మీదికి వస్తుంది. డిసెంబరులో ఆరింటికి కూడా లేవనని మొండికేస్తుంది. పిండికి సీజను బట్టి ఎప్పుడు ఫ్రిజ్ కావాలో, ఎప్పుడు దుప్పటి కావాలో మీ ముక్కుతో మీరు తెలుసుకోవాలి. మీ ఫ్రెండును ఆదివారం పొద్దున నాలుగింటికి రమ్మనండి. ఎనిమిది ఆదివారాల్లో ఎన్నింటికి వచ్చారో గోడమీద క్యాలెండరులో టిక్కు పెట్టండి. ఆ టిక్కుల ముందు నాలుగు లక్షలు ఏపాటి?

మొదటి రెండు వారాలూ 40 ప్లేట్లూ పోతాయి, పొంగిపోకండి. అవి మొహమాటం ప్లేట్లు. మీ పక్క ఫ్లాటువాళ్లు, మీ ఆవిడ స్కూలువాళ్లు, మీ బావమరిది. నాలుగో వారానికి మొహమాటం అయిపోతుంది. అప్పుడు ఎవరు మళ్లీ ఫోను చేశారో, మిమ్మల్ని బొత్తిగా తెలియనివాళ్లు ఎందరు చేశారో, అది రాసుకోండి. మా పప్పుచారు ముసలమ్మ లాంటివాళ్లు ఎనిమిదో ఆదివారానికి ఓ పదిహేను మంది దొరికితే, అప్పుడు ఎన్‌ఏడీ గురించి మళ్లీ ఉత్తరం రాయండి, నేనే వచ్చి షాపు చూస్తాను. దొరక్కపోతే 20 వేలతో పోయింది. యూట్యూబులో మీ సీరియల్ మీకుంటుంది, జీతమూ ఉంటుంది.

ఒక చిన్న పని. మొదటి ఆదివారం లెక్క మీ ఆవిడ చేత రాయించి నాకు పంపండి. మొహమాటం ప్లేట్లు వేరే గడిలో వెయ్యమనండి. గిన్నె అడుగున ఎన్ని ఇడ్లీలు మిగిలాయో, వాటిని ఎవరు తిన్నారో కూడా.